సుద్ద కింది సుడులు

అన్యాయం జరిగింది ఎవరికి? ఉప్పలయ్యకు. ఎట్లా జరిగింది? పట్టపగలు, ముప్పయిమంది చూస్తుండగా, ఒక కాగితం మీద ఒక సంతకంతో జరిగింది.

మొదటినుంచీ ఈ కథను చదువుతున్నవారికి ఆ సంగతి కొత్త కాదు. ఈ వారమే చేతిలోకి తీసుకున్నవారి కోసం నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఇరవై ఏళ్ళ కిందట నారాయణగూడ వెనక సందులో, మురికినీటి నాలా ఒడ్డున, శ్రీపతి తబేలా అనే గుర్రపుసాలలో, పెళ్ళి బరాత్‌లకు తిరిగే గుర్రాలలో ఒక అంటురోగం బయటపడింది. అది నెత్తురులో దాక్కునే వైరస్. జోరీగ ఒక గుర్రాన్ని కుట్టి, మూతి తడి ఆరకముందే మరొకదాన్ని కుడితే అంటుతుంది. ఒకే సూదితో రెండిటికి మందు ఎక్కించినా అంటుతుంది. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, ఒంట్లో నెత్తురు పలచబడుతుంది, కొన్ని చస్తాయి. కొన్ని మాత్రం ఏ బాధా పైకి కనిపించకుండా, నిగనిగలాడుతూ, బతికినన్నాళ్ళూ రోగాన్ని మోస్తూ పక్కవాటికి పంచుతూ ఉంటాయి. దానికి మందు లేదు. రోగం తేలిన గుర్రాన్ని చంపి, మిగిలినవాటిని ఎటూ కదలనివ్వకుండా నెలనెలా పరీక్షించడం ఒక్కటే ఉన్న దారి.

ముహూర్తాల నెలల్లో ఒంటిగుర్రం ఉన్న చిన్నవాళ్ళు దాన్ని పెద్ద తబేలాలో కట్టి, తాము కూలిపనికి పోవడం అక్కడి ఆనవాయితీ. ఉప్పలయ్య కూడా తన ఆడగుర్రం మల్లిని అట్లాగే కట్టాడు. రోగం మల్లి పేరు ఎదుట తేలింది. మల్లిని చంపారు. తబేలా గోడలో ప్రతి గుర్రపువాడికీ ఒక ఇనుప మేకు ఉంటుంది, పని ముగిసినాక కళ్ళెం దానికే తగిలిస్తాడు. మేకు ఉన్నవాడికే బేరం దొరుకుతుంది. తబేలాకు రోగం తెచ్చాడని ఉప్పలయ్య మేకును అందరూ కలిసి పీకేశారు. అతడు ఇటుకలు మోయడానికి పోయి, రెండేళ్ళు తిరక్కుండానే కన్నుమూశాడు. మల్లిని చంపమన్న కాగితం మీది సంతకం అప్పటి సర్కారు పశువైద్యురాలు డాక్టర్ ప్రభావతిది.

ఈ శ్రావణంలో అదే తబేలాలో అదే రోగం మళ్ళీ తేలింది. ఈసారి నెత్తురు తీసింది మహిత అనే యువ పశువైద్యాధికారి. గుర్రానికొక కొత్త సూది వాడింది. ఏదీ తప్పించుకోకుండా ముప్పయినాలుగు తలలూ లెక్కపెట్టి, పని అయినదానికల్లా గిట్టకు ఎర్రరంగు పూసింది. ఒక్క పేరు ఎదుటే రోగం ఉన్నట్టు వచ్చింది. రెండోసారి తీసినా అదే పేరు. ఆ పేరు చంద్రి. దాని యజమాని ఎంకయ్య మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వలస వచ్చినవాడు. అశోక్‌నగర్‌లో లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర కూలి చేస్తూ, ఒక్కగానొక్క గుర్రాన్ని శ్రీపతి తబేలాలో కట్టుకున్నాడు. శుక్రవారం పదకొండు గంటలకు చంద్రికి ప్రాణం తీసే సూది వెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. గురువారం సాయంత్రం మహిత ఆందోళనగా ప్రభావతి ఇంటికి వచ్చింది. నెత్తురు తీసిన రోజు నుదురు తుడిచి చూసి, చంద్రి పేరున్న కాగితం మీది గుర్రం బొమ్మలో ఆనవాలుగా తాను గుర్తించిన వెంట్రుకల సుడులు రెండు, నుదుట ఒకదాని కింద ఒకటిగా ఉన్నాయి. తబేలాలో విడిగా కట్టేసిన చంద్రి నుదుట సుడి ఒక్కటే ఉంది. ఈ సంగతి పై అధికారికి ఫోనులో చెబితే, ఎండలో గీసిన గీతలు అట్లాగే ఉంటాయని నవ్వేశాడట.

మహిత చేతిలోని కాగితం చూసి, ప్రభావతి మారుమాట లేకుండా లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె మూత తెరిచింది. కిందటివారం మనం ఆగింది ఆ గుమ్మం దగ్గరే.

పెట్టె అడుగున, కర్పూరం వాసన పట్టిన పట్టుచీర మడతలో, ఇరవై ఏళ్ళనాటి కార్బన్ ప్రతి ఒకటి ఉంది. నీలిరంగు వెలిసింది గాని గీతలు చెదరలేదు. అప్పటి కాంపౌండర్ గుర్రం బొమ్మ నుదుట రెండు సుడులు చుట్టి, ఎడమ చెవి అంచున బియ్యపుగింజంత నొక్కు పెట్టాడు. పేరు అని ఉన్నచోట మల్లి అని రాశాడు. మహిత రెండు కాగితాలనూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఆమె కాగితంలోనూ ఆ రెండు సుడులే, అదే చెవికి అదే నొక్కు.

"ఇది ఒకటే గుర్రం, మేడమ్."

"ఒకటే," అన్నది ప్రభావతి. "అప్పుడు దానికి అయిదారేళ్ళు. బాగా చూసుకుంటే గుర్రం పాతికేళ్ళు దాటి బతుకుతుంది. నువ్వు పళ్ళు చూసి వయసు రాశావా, వాళ్ళు చెబితే రాశావా?"

మహిత తల దించుకున్నది. "కళ్ళెం తియ్యనియ్యలే మేడమ్. కరుస్తది అన్నరు. వాళ్ళు చెప్పిందే రాసిన."

ప్రభావతి కోప్పడలేదు. కోప్పడే హక్కు ఆ గదిలో తనకు లేదని ఆమెకు తెలుసు. తలలు లెక్కపెట్టే మనిషి ముందు తబేలా యజమాని శ్రీపతి గుర్రాన్ని దాచలేడు, పేరును మాత్రం మార్చగలడు. ముస్తాబు కోసం మూతి నుంచి తోక దాకా సుద్ద పూసిన తెల్లగుర్రాలను చీకటి కొట్టంలోనుంచి ఒక్కొక్కటిగా బయటికి నడిపించి, ఇది ఫలానా, ఇది ఫలానా అని పేర్లు పలుకుతుంటే, సర్కారు మనిషి రాసుకుంటుంది. ఇరవై ఏళ్ళలో సూదులు మారాయి, పరీక్షలు మారాయి. గుర్రం పేరు ఎవరి నోట వినాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఇక ఏం చెయ్యవచ్చునని ప్రభావతి అడిగింది. గుర్రం గుర్తింపు మీద, సంగతి తెలిసినవారు ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే ఉత్తర్వును నిలిపి మూడోసారి నెత్తురు తీసే అధికారం తనకు ఉందని మహిత చెప్పింది. తన బొమ్మ మీద తానే అభ్యంతరం రాసుకుంటే చెల్లదు. ఎంకయ్య రాస్తే, గుర్రాన్ని కాపాడుకోవడానికి రాశాడంటారు.

"నేను రాస్తాను," అన్నది ప్రభావతి.

గుమ్మం దాకా వెళ్ళిన మహిత ఆగి వెనక్కి తిరిగింది. ఆ పిల్ల కళ్ళలో అనుమానం కన్నా బెరుకే ఎక్కువగా ఉంది. "మేడమ్, అప్పుడు సంతకం పెట్టేటప్పుడు మీరు ఈ బొమ్మ చూడలేదా?"

"రేపు చెప్తాను. తబేలాలో, అందరి ముందూ చెప్తాను."

మర్నాడు ఎనిమిదిన్నరకు, రెండు కాగితాలూ మడిచిపెట్టిన సంచి భుజానికి తగిలించుకుని ప్రభావతి అశోక్‌నగర్‌లోని ఇంటి తలుపుకు తాళం వేసింది. డెబ్బయి రెండేళ్ళ మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కాగితం మీద కొట్టివేత కూడా ఎరుగదని పేరు. ఆ పేరుతోనే పదోన్నతులు వచ్చాయి, వీడ్కోలు సభలో ఆ మాటతోనే శాలువా కప్పారు. ఈ పూట ఆ శాలువాను తన చేతులతో తానే తీసి పక్కన పెట్టాలి. అందులో సగమే తీసి, సగం కప్పుకుని నిలబడే దారి కూడా ఒకటి ఉంది. పొరపాటు జరిగిందని చెప్పడం ఆ దారి. రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వనిది ఆ దారే.

చిక్కడపల్లి లైబ్రరీ గేటు ముందు సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు అప్పటికే బారులు తీరారు. సంచీలు వీపున వేసుకుని, నీళ్ళ సీసాలు పట్టుకుని, గేటు తెరిస్తే ఫ్యాను కింద కుర్చీ ఎవరికి దక్కుతుందా అని ఎదురుచూస్తున్నారు. వాళ్ళ మధ్య ఒక తోపుడుబండి ఉంది. బండి మీద పెద్ద గిన్నెలో శనగ గుడాలు పొగలు కక్కుతున్నాయి. ఒకప్పుడు మల్లి కోసం ఉలవలు ఉడికించిన చేతులే ఇప్పుడు ఈ పిల్లల కోసం పోపు పెడుతున్నాయి. ఆమె ఉప్పలయ్య భార్య బుగ్గమ్మ.

"తిను బిడ్డా, ఇంకింత తిను," అంటున్నది ఒక పిల్లవాడి దొప్పలో గరిటెడు ఎక్కువ వేస్తూ. "గుర్రం తిండి తింటే గుర్రం లెక్క ఉరుకుతవ్. నౌకరే నీ ఎనుక పడాలె."

పిల్లలు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే బుగ్గమ్మ తలెత్తి, ఎదురుగా నిలబడిన ప్రభావతిని చూసింది. గరిటె ఆగలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఇద్దరూ నడిచే దూరంలో బతుకుతున్నారు. ఆ ఇరవై ఏళ్ళూ ప్రభావతి లైబ్రరీకి వచ్చిన ప్రతిసారీ అవతలి ఫుట్‌పాత్ మీదనే నడిచి, గేటుకు ఎదురుగా వచ్చాకే రోడ్డు దాటేది.

"ఏం డాక్టరమ్మా, తొవ్వ తప్పినవా? నీ ఫుట్‌పాత్ అవుతల గదా."

ప్రభావతి మర్యాదలకు పోకుండా సంగతి చెప్పింది. తబేలాలో మళ్ళీ రోగం తేలిందనీ, పదకొండు గంటలకు ఎంకయ్య గుర్రాన్ని చంపబోతున్నారనీ, ఆ గుర్రానికి రోగం లేదనీ చెప్పింది. తనతో కలిసి తబేలాకు రమ్మని అడిగింది. బుగ్గమ్మ మరో ఇద్దరికి గుడాలు పెట్టింది, చిల్లర ఇచ్చింది, చెయ్యి కొంగుకు తుడుచుకున్నది.

"నేను నిన్ను గుర్రం తెచ్చియ్యిమన్నన్నా? ఒక్క మాట అడిగిన. మా మల్లికి రోగం లేదని పదిమందిల చెప్పుమన్న. ఫైలు పైకి పోయింది, నా చేతుల ఏం లేదంటివి. ఇప్పుడు కిందికి దిగిందా ఆ ఫైలు?"

"దిగింది."

"దిగితే ఏమని చెప్తవ్? పొరపాటు అయిందంటవా?"

ప్రభావతి సంచిని భుజం మీద సర్దుకున్నది. బుగ్గమ్మ ఆమె ముఖాన్ని కాసేపు పరీక్షగా చూసింది, జబ్బుపడ్డ పశువు కన్ను చూసినట్టు చూసింది. తరువాత గిన్నె మీద మూత పెట్టి, బండిని పక్కనున్న జిరాక్స్ దుకాణంవాడికి అప్పజెప్పింది. బండి గుంజకు తక్కెడ వేలాడదీసిన ఇనుప మేకును ఊడదీసి కొంగు చివర ముడివేసుకున్నది. అది ఏ మేకో ప్రభావతి అడగలేదు. ఆనాడు తబేలా గోడలోనుంచి పీకి సందులోకి విసిరేసినప్పుడు, దాన్ని ఏరుకున్న చెయ్యి ఎవరిదో ఆమె చూసింది.

ఇద్దరూ మెట్రో స్తంభాల నీడన నారాయణగూడ వైపు నడిచారు.

తబేలా వాకిట్లో అప్పటికే జనం చేరారు. ప్రతి కొట్టానికీ మహిత కట్టించిన దోమతెర ఉంది. నాలా వైపు నుంచి జోరీగల రొద వినిపిస్తోంది. ఆవరణ చివర రేకుల కింద, మిగిలిన గుర్రాలకు దూరంగా చంద్రిని కట్టేశారు. అది సుద్ద పూసిన తలను ఎంకయ్య భుజం మీద ఆనించి నిలబడింది. ఎంకయ్య ఆ పూట పనికి పోలేదు. నిన్నటి సిమెంటు ఇంకా గోళ్ళలోనే ఉంది. అక్కడ ఉన్నవాళ్ళలో తలనెరిసిన గుర్రపువాళ్ళు ముగ్గురు బుగ్గమ్మను గుర్తుపట్టి చూపులు పక్కకు తిప్పుకున్నారు.

శ్రీపతి ఎదురొచ్చి దండం పెట్టాడు. ఇస్త్రీ చెదరని తెల్లలాల్చీ వేసుకున్నాడు, గొంతు ఎప్పుడూ పెంచడు. ఇన్నేళ్ళకు మేడమ్ గారి పాదాలు తమ తబేలాలో పడ్డాయనీ, చాయ్ తెప్పిస్తాననీ అన్నాడు. ప్రభావతి చాయ్ వద్దని బకెట్టు నీళ్ళు అడిగింది.

మహిత తువ్వాలు ముంచి చంద్రి నుదురు తుడిచింది. సుద్ద పాలలాగా కారిపోయింది. తడిసిన వెంట్రుకల మధ్య సుడి తేటగా కనిపించింది. ఒక్కటే ఉంది. ఎడమ చెవికి ఏ నొక్కూ లేదు. మహిత తన బొమ్మను అందరికీ చూపించింది. చదువు రానివాళ్ళు కూడా ఆ బొమ్మను చదవగలరు. గుర్రపువాడికి సుడి కన్నా పెద్ద అక్షరం లేదు.

శ్రీపతి తొణకలేదు. పిల్ల చిన్నదనీ, ముప్పయినాలుగు గుర్రాలనూ ఆ ఎండలో నిలబడి చూస్తే కన్ను చెదరడం సహజమనీ, తాను ఎవరినీ తప్పు పట్టననీ అన్నాడు. ఎంకయ్యకు సర్కారు పరిహారం వచ్చేదాకా తానే వెంట తిరుగుతాననీ చెప్పాడు. అప్పుడు ప్రభావతి సంచిలోనుంచి కార్బన్ ప్రతి తీసి మహిత కాగితం పక్కన పట్టుకున్నది.

"ఇది గూడ తప్పే, మేడమ్," అన్నాడు శ్రీపతి ఒక చూపు చూసి. "ఆ కాంపౌండర్ తాగేటోడు. అందరికి ఎర్కే."

"కావచ్చు. ఇరవై ఏళ్ళ కిందట తాగినవాడూ, నేడు మంచినీళ్ళు తప్ప తాగని ఈ అమ్మాయీ ఒకే చెవికి ఒకే నొక్కు ఎట్లా గీశారో మీరే చెప్పండి."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. శ్రీపతి నవ్వలేదు. ఒక అడుగు దగ్గరికి వచ్చి, ఇంకా మెత్తగా మాట్లాడాడు.

"కాయితాలు కాయితాలే మేడమ్. ఇది తప్పని నేనంట, అది ఒప్పని మీరంటరు. కళ్ళతోని చూసినోళ్ళు ఎవరున్నరు? ఆ కాంపౌండర్ సచ్చిపోయె. నా మాటినండి. అప్పుడు మీరు గూడ పొరపాటు పడ్డరనుకుందాం. పొరపాటు ఎవలకైన అయితది. గింతమందిల మీ ఇజ్జత్ ఎందుకు తీసుకుంటరు?"

తలుపు తెరిచి పట్టుకున్నంత మర్యాదగా అన్నాడు ఆ మాట. ఆ తలుపులోనుంచి ప్రభావతి బయటపడవచ్చు. పొరపాటు జరిగిందని ఒప్పుకుంటే ముసలితనంలో ఆమె నిజాయితీని నలుగురూ మెచ్చుకుంటారు. కాని ఆ తలుపు మూసుకున్న మరుక్షణం రెండు బొమ్మలూ రెండు పొరపాట్లవుతాయి, పదకొండు గంటలకు సూది పడుతుంది. ఎంకయ్య అటూ ఇటూ చూస్తున్నాడు. ఈ పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నదాంట్లో తన గుర్రం బతుకు ఎక్కడ ఉందో అతడికి అంతుపట్టడం లేదు. చంద్రి మాత్రం అతడి చొక్కా అంచు నములుతూ నిశ్చింతగా ఉంది.

ప్రభావతి బుగ్గమ్మ వైపు చూసింది. బుగ్గమ్మ కొంగు ముడిని పిడికిట పట్టుకుని, గోడలో ఏళ్ళ తరబడి వరుసగా ఉన్న మేకులనూ, వాటి మధ్య ఖాళీగా మిగిలిన ఒక రంధ్రాన్నీ చూస్తోంది.

"పొరపాటు కాదు," అన్నది ప్రభావతి.

గొంతు పెద్దది కాదు. అయినా ఆవరణ అంతా విన్నది.

"కళ్ళతో చూసినవాళ్ళు ఎవరని అడిగారు. నేను చూశాను."

చెప్పడం మొదలుపెట్టాక ఆమె ఎక్కడా ఆగలేదు. మల్లికి సూది వెయ్యాల్సిన రోజు, ఎండకు అది సొమ్మసిల్లబోతే ఉప్పలయ్య చెంబెడు నీళ్ళు దాని ముఖాన కొట్టాడు. సుద్ద కరిగింది. నుదుట సుడి ఒక్కటే ఉంది. రెండు సుడుల బొమ్మ ఉన్న కాగితం అప్పటికి తన చేతిలోనే ఉంది. తల తిప్పితే కొట్టం సందులోనుంచి సుద్ద పూయని మరొక తెల్లని ముఖం కనిపించింది. దాని నుదుట రెండు సుడులున్నాయి, ఎడమ చెవికి నొక్కు ఉంది. అది శ్రీపతికి పేరు తెచ్చిన అతడి సొంత గుర్రం బేగం. ఆ జోడు సుడుల గుర్రం ఎక్కిన పెళ్ళికొడుకుకు కలిసొస్తుందని ఊరంతా నమ్మి ఎగబడే రోజులవి. కొట్టం తలుపు దగ్గర శ్రీపతి నిలబడి ఉన్నాడు. తాను చూసినట్టు అతడు చూశాడు. ఎవరూ మాట్లాడలేదు. మధ్యాహ్నం బషీర్‌బాగ్‌లో విలేఖరుల ముందు, రోగాన్ని అదుపు చేశామని ప్రకటించి, పరీక్షలు ఆపించడానికి పై అధికారి సిద్ధంగా ఉన్నాడు. తప్పు గుర్రానికి ఉత్తర్వు ఇచ్చామని ఆ పూట చెప్పడమంటే, తన సంతకాన్ని తానే కొట్టివేయడం. అంతవరకూ ఆమె ఏ కాగితం మీదా కొట్టివేత పెట్టి ఎరుగదు.

"ఉప్పలయ్య గుర్రానికి రోగం లేదు," అన్నది ప్రభావతి. "లేదని నాకు ఆ రోజే తెలుసు. తెలిసే సూది వెయ్యమన్నాను."

ఆమె మహిత దగ్గర కాగితం, రాసే అట్ట తీసుకుని, నిలబడే, అంతా రాసింది. తాను చూసింది, చూసీ దాచింది, ఏ తేదీన, ఎవరి సమక్షంలో అన్నది వదలకుండా రాసింది. సంతకం పెట్టింది. దాన్ని బిగ్గరగా చదవమని మహితను అడిగింది. మహిత చదివింది. ఒక్క మాట కూడా మింగలేదు. చదవడం పూర్తయ్యాక చంద్రి మీది ఉత్తర్వును నిలిపివేస్తున్నట్టు ఆ కాగితం కిందనే రాసి, సమయం వేసింది. పది యాభై.

ఎంకయ్య నేలమీద చతికిలబడ్డాడు. "బతికిందా అమ్మా? నా చంద్రి బతికినట్టేనా?" అని మహితను రెండుసార్లు అడిగాడు. మూడోసారి నెత్తురు తన ఎదుటే, కళ్ళెం తీసి, పళ్ళు చూసి తీస్తుందని ఆమె చెప్పింది. అంతమంది చూస్తుండగా ఏడవడం ఇష్టం లేక అతడు గుర్రం మెడలో ముఖం దాచుకున్నాడు.

అప్పుడు మహిత శ్రీపతి వైపు తిరిగి బేగంను బయటికి తెమ్మన్నది.

పనివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మహిత తానే తెరలు ఎత్తి గిట్టల ఎర్రరంగు లెక్కపెట్టుకుంటూ చివరిదాకా పోయింది. చంద్రితో కలిపి ముప్పయిమూడు ఉన్నాయి. చివరి కొట్టంలో దోమతెర నిలువునా చిరిగి ఉంది. తొట్టిలో నానిన ఉలవలు సగం అట్లాగే ఉన్నాయి. పేడ ఇంకా పచ్చిగానే ఉంది.

చివరికి ఒక పనివాడు నోరు విప్పాడు. తెల్లవారుజామున లారీ వచ్చిందట. పెద్దింటి పెళ్ళి, జోడు సుడుల గుర్రమే కావాలని పట్టుబట్టారట. ఎక్కడికో తనకు తెలియదు.

"బరాత్‌ల ఇంకో పది గుర్రాలు గూడ ఉంటయన్నరు," అని గొణిగాడు. "అన్ని ఒక్కతానే కడ్తరట."

మహిత ముఖం పాలిపోయింది. ఒక్కచోట కట్టిన పది ఆరోగ్యమైన గుర్రాలు, మధ్యలో బేగం, శ్రావణపు జోరీగలు. ఈ రాత్రి ఏం జరగబోతుందో ఆమె ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు. లారీ నంబరు చెప్పమని శ్రీపతిని అడిగింది. అతడు లాల్చీ చేతుల ముడతలు సరిచేసుకుంటూ తన వకీలుతో మాట్లాడతానన్నాడు. ఆమె పరుగున జీపు దగ్గరికి పోయి ఫోను అందుకున్నది.

ప్రభావతి కూడా జీపు వైపు నడిచింది. ఇరవై ఏళ్ళలో బేగం ఏయే ఊళ్ళు తిరిగిందో, ఏయే తబేలాలలో నిద్రపోయిందో వెతకాలి. ఆ పని మొదలుపెట్టకుండా తాను ఇంటికి పోకూడదనుకున్నది. కాని వెనకనుంచి బుగ్గమ్మ పిలిచింది.

"డాక్టరమ్మా, జర ఆగు."

బుగ్గమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. కొంగు ముడి విప్పి మేకును బయటికి తీసింది. దాని మీద ఇరవై ఏళ్ళ తుప్పూ, గుడాల పోపు జిడ్డూ ఉన్నాయి. తలనెరిసిన ముగ్గురిలో ఒకడు లోపలికి పోయి గిట్టలకు నాడాలు కొట్టే సుత్తి తెచ్చాడు. పిడి ఆమె వైపు ఉండేట్టు పట్టుకుని, తల ఎత్తకుండా చాచాడు. ఆనాడు ఈ మేకును పీకిన చేతుల్లో ఆ చెయ్యి కూడా ఒకటి.

బుగ్గమ్మ సుత్తి అందుకున్నది. కొట్టబోయే ముందు ప్రభావతి వైపు తిరిగింది. కళ్ళలో తడి లేదు. ఆ ముఖంలో క్షమ ఉందో లేదో ప్రభావతికి తెలియలేదు, తెలుసుకోవాలని ఆశపడే హక్కు ఉందని కూడా ఆమె అనుకోలేదు.

"నేను ఒక్క మాటనే అడిగిన," అన్నది బుగ్గమ్మ. "మల్లికి రోగం లేదను, సాలు అన్న. నీకు తెలుసని గూడ చెప్పుమని నేను అడగలే. అది నువ్వే చెప్పినవ్. ఇగ నీకు నాకు బాకీ లేదు. పో, ఆ లారీని పట్టుకో."

బయట జీపు ఇంజను పలికింది. ప్రభావతి మాత్రం అక్కడే నిలబడి చూసింది. మూడు దెబ్బలు పడ్డాయి. నాలుగోది అక్కరలేకుండానే ఉప్పలయ్య మేకు తన పాత రంధ్రంలో కదలకుండా నిలిచింది.